కరువు పనికి వయసు అడ్డం కాదు

(2025లో మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు, ఇవన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. నేను వాటి జోలికి పోను. నేను ఒక్క విషయమే చెప్తా. మన ఊళ్ళల్లో 60 దాటిన ఆడవాళ్ళు చాలామందికి ఉపాధి పని దొరకట్లేదు. అడిగితే "నీకు వయసైపోయింది అవ్వా, ఇంటికాడ కూసో" అంటున్నారు. ఆ మాట చట్టంలో ఉందా? లేకపోతే ఎక్కడ నుంచి వచ్చింది? దానికి మన సంఘాలు ఏం చెయ్యాలి? ఇదే నా మాట.

ముందు చట్టం సంగతి చూద్దాం. మనం కరువు పని అంటాం, వంద రోజుల పని అంటాం. అది 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. మొదటి విడతలోనే మన ఖమ్మం జిల్లా కూడా ఉంది. అప్పటికి ఇంకా కొత్తగూడెం జిల్లా వేరు పడలేదు, భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, ఇల్లెందు, ఏన్కూరు అన్నీ ఒక్క జిల్లా కిందనే ఉండేవి. అంటే 2025 నాటికి ఈ పని మన చేతికి వచ్చి 19 ఏళ్ళు.

ఆ చట్టం ఏమంటుందంటే, పల్లెలో ఉండే ఏ ఇంట్లోనైనా, పెద్ద వయసు వచ్చిన మనిషి, ఒంటి కష్టం చేస్తానని ముందుకొస్తే, ఆ ఇంటికి ఏడాదికి వంద రోజులు పని చూపించాలి. పెద్ద వయసు అంటే ఎంత? 18 నిండాలి. అంతే. ఎన్నేళ్ళ దాకా చెయ్యొచ్చు అనే లెక్క అందులో ఎక్కడా లేదు. 60 అని లేదు, 65 అని లేదు. ఉపాధి హామీ వెబ్‌సైటులో పని చేసినవాళ్ళ లెక్క వయసు వారీగా పెడతారు. 18 నుంచి 30, ఆ తర్వాత 40 దాకా, 50 దాకా, 60 దాకా గళ్ళు ఉంటాయి. అక్కడితో ఆగలేదు. 61 నుంచి 80 అని ఒక గడి ఉంది, 80 పైన అని ఇంకో గడి ఉంది. 80 దాటినవాళ్ళు వస్తే వాళ్ళను రాయడానికి ప్రభుత్వం చోటు పెట్టింది. మన ఊరి మస్టర్‌లో మాత్రం 62 ఏళ్ళ మనిషికి చోటు లేదంటున్నారు.

ఇంకో మాట కూడా చెప్తుంటారు, "నీకు పింఛను వస్తుంది కదా, పని ఎట్లా ఇస్తాం" అని. ఇది కూడా తప్పే. పింఛను వేరు, పని వేరు. ఆసరా పింఛను తీసుకునే మనిషి ఉపాధి పనికి రావద్దు అని చట్టంలో లేదు. వృద్ధాప్య పింఛను నెలకు 2,016 రూపాయలు. అదీ ఇంట్లో ఒక్కళ్ళకే. ముసలాయనకు వస్తే ముసలమ్మకు రాదు. మందు బిళ్ళలకు, కరెంటు బిల్లుకు, మనవరాలు వస్తే చేతిలో పెట్టడానికి ఆ డబ్బులు ఎన్నాళ్ళు సరిపోతాయో మీకు తెలుసు. ఆమె పనికొస్తానంటే సరదాకు రాదు.

మరి ఈ వయసు మాట ఎందుకు ఇంత గట్టిగా నాటుకుంది? నాకు రెండు కారణాలు కనపడుతున్నాయి.

ఒకటి, వేరే పథకాలన్నిటికీ వయసు ఉంది. అందుకని దీనికి కూడా ఉండే ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. నాకు ఇప్పుడు 36 ఏళ్ళు, పదో తరగతి దాకా చదివాను. అంగన్‌వాడీ పోస్టుకు 35 దాటకూడదు, అంటే నేను అప్పుడే దాటిపోయాను. పల్లె యువతకు నైపుణ్య శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే డీడీయూ-జీకేవై పథకానికి 15 నుంచి 35 ఏళ్ళు. అందులో ఆడవాళ్ళకు, కొండరెడ్ల లాంటి ఆదిమ గిరిజన తెగలవాళ్ళకు, వికలాంగులకు 45 దాకా సడలింపు ఉంది. ఇది చాలామందికి తెలీదు, 36, 40 ఏళ్ళ చెల్లెళ్ళు ఉంటే అడగండి. అటల్ పెన్షన్ యోజనలో చేరాలంటే 40 లోపు. జీవన జ్యోతి బీమాలో చేరాలంటే 50 లోపు. సురక్ష బీమాకు 70 దాకా. మన సంఘాల్లో కూడా నిన్నమొన్నటి దాకా 60 నిండితే సభ్యత్వం నుంచి తప్పుకోవాలనే నియమం ఉండేది. 2025 మార్చిలో రాష్ట్ర మంత్రివర్గం దాన్ని 65కు పెంచింది, కింద 18 ఉన్నదాన్ని 15కు దించింది. ఇట్లా ఎటు చూసినా ఒక గీత ఉంది. ఉపాధి హామీకి మాత్రం పైన గీత లేదు. మనలాంటి చదువు తక్కువున్న ఆడవాళ్ళకు పైవయసులో మిగిలిన సర్కారు పని ఇదొక్కటే. అందుకే దీన్ని పోనివ్వొద్దు అంటున్నా.

రెండో కారణం మన దగ్గరే ఉంది. దీన్ని కొంచెం ఓపికగా వినండి. ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు.

ఉపాధి పనిలో కూలి రోజుకు ఇంత అని ఊరికే ఇవ్వరు. ఎంత మట్టి తీశాం, కందకం ఎంత పొడుగు, ఎంత లోతు అని కొలుస్తారు. 2025-26లో మన రాష్ట్రానికి రోజు కూలి 307 రూపాయలు. కొలత నిండితేనే 307. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. గ్రూపు మొత్తానికి కలిపి కొలిచి, వచ్చిన డబ్బు మస్టర్‌లో పడిన మనుషులకు పంచుతారు. ఇప్పుడు లెక్క చూడండి. గ్రూపులో 10 మంది. అందరూ నిండుగా చేస్తే 3,070 రూపాయలు. అందులో ఒక అవ్వ సగం పనే చెయ్యగలిగింది అనుకుందాం. అప్పుడు గ్రూపుకు వచ్చేది 2,916 రూపాయల 50 పైసలు. పది మందికి పంచితే మనిషికి 291 రూపాయల 65 పైసలు. అంటే ఒక్కొక్కళ్ళకు రోజుకు 15 రూపాయలు తగ్గింది.

ఆ 15 రూపాయల దగ్గరే అవ్వ పేరు పోయింది. మేటు రాయనంటాడు, గ్రూపులో వాళ్ళు "మాకు కొలత పడదు" అంటారు, ఫీల్డు మీద ఉన్నవాళ్ళు "గ్రూపోళ్ళు ఒప్పుకుంటలేరు" అని చేతులు దులుపుకుంటారు. చివరకు అవ్వతో "వయసైపోయింది" అని చెప్తారు. చట్టం రాయని వయసు గీత ఇట్లా గ్రూపులో పుట్టింది.

15 రూపాయలు చిన్నవి అని నేను అనను. వంద రోజులకు 1,500 రూపాయలు దాటుతుంది. మండుటెండలో గడ్డపార పట్టి గట్టి నేల తవ్వే చెల్లెకు ఆ డబ్బు కూడా కష్టార్జితమే. నేను అడిగేదేందంటే, ఆ బరువు గ్రూపు మీద ఎందుకు పడాలి? ముసలివాళ్ళకు పని ఇస్తానన్నది ప్రభుత్వం. బరువు కూడా ప్రభుత్వమే మొయ్యాలి. ఇది నా సొంత వాదన కాదు, చట్టం అనుబంధంలోనే ఈ మాట ఉంది. ఆడవాళ్ళకు, వృద్ధులకు, వికలాంగులకు, జబ్బు మీద ఉన్నవాళ్ళకు వేరే రేట్ల పట్టిక తయారు చెయ్యాలి అని రాశారు. అంటే వాళ్ళు తక్కువ కొలత తీసినా కూలి దక్కేట్టు రేటు ఉండాలి. ఇది కొత్త మాట కూడా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులకు వేరే శ్రమశక్తి సంఘాలు కట్టి, తక్కువ పనికే పూర్తి కూలి ఇచ్చే పద్ధతి నడిచింది. వాళ్ళకు చెయ్యగలిగింది అవ్వలకు ఎందుకు చెయ్యలేరు?

ఉపాధి హామీ మార్గదర్శకాల్లో 65 దాటినవాళ్ళ గురించి ప్రత్యేకంగా ఉంది. వాళ్ళను వేరే గ్రూపుగా కట్టి, ఒంటి బలం తక్కువ పట్టే పనులు ఇవ్వొచ్చు అని ఉంది. అట్లాంటి పనులు మన దగ్గర లేవా? నర్సరీలో సంచుల్లో మట్టి నింపడం, విత్తనం పెట్టడం, కలుపు తియ్యడం ఉన్నాయి. రోడ్డు పక్క మొక్కలకు నీళ్ళు పోసి కాపాడటం ఉంది. పని జాగాలో అందరికీ తాగేనీళ్ళు అందించడం ఉంది. తల్లులతో పాటు చిన్నపిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆమెకు కూడా అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. పిల్లల్ని సాకిన చెయ్యి ముసలమ్మకంటే ఎవరికుంది? పని జాగా ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, దాటితే కూలికి 10 శాతం కలపాలి. దూరం పంపాల్సి వస్తే ఆడవాళ్ళను, వయసుమళ్ళినవాళ్ళను దగ్గరి పనిలో ఉంచాలని కూడా చెప్పారు. ఇన్ని ఉన్నాక కూడా అవ్వ చేతికి గడ్డపారే ఇచ్చి, తవ్వలేకపోయావు కాబట్టి పో అనడం ఏం న్యాయం?

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారో కూడా కొంచెం చెప్తా. అమెరికాలో 55 దాటిన పేదవాళ్ళ కోసమే ప్రభుత్వ డబ్బుతో ఒక ఉపాధి పథకం 1965 నుంచి ఉంది. అక్కడ 55 లోపువాళ్ళు దానికి పనికిరారు. జపాన్‌లో ఊరూరా సిల్వర్ కేంద్రాలని ఉన్నాయి, 60 దాటినవాళ్ళకు తోట పని, ఊడ్చే పని, చిన్న చిన్న రిపేరు పనులు చూపిస్తాయి. వయసు పెరిగిన మనిషికి తగిన పని వెతకడం ప్రభుత్వం బాధ్యత అని వాళ్ళు ఒప్పుకున్నారు. మన చట్టం కూడా ఒప్పుకుంది. ఊళ్ళో అమలు కావాలి.

మన అడవి పనుల్లో ఈ వయసు గోల ఎప్పుడూ లేదు. తునికాకు కల్లంలో కట్టకు 50 ఆకులు ఉన్నాయా లేదా చూస్తారు గాని, కట్ట కట్టిన చేతికి ఎన్నేళ్ళు అని చూడరు. ఇప్పపువ్వు ఏరేటప్పుడు తెల్లారుజామున ముందు లేచేది ముసలమ్మలే. మిరప చేలో కాయ కోతకు ఎవరూ ఆధార్ కార్డు అడగరు. ఆధార్ అడిగే చోటే వయసు అడ్డం వస్తుంది.

ఆధార్ మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పాలి. మన గూడేల్లో 50, 60 ఏళ్ళ కింద పుట్టినవాళ్ళకు పుట్టిన తేదీ కాగితం ఎక్కడిది? ఆధార్ తీసిననాడు మనిషిని చూసి ఏదో ఒక ఏడు వేశారు. చాలామందికి జనవరి 1 అని పడింది. దీంతో ఏమవుతుందంటే, కొందరు అవ్వలకు రెండు వైపులా దెబ్బ పడుతుంది. ఆసరా పింఛను వయసును 2021లో 65 నుంచి 57కు తగ్గించారు. పింఛనుకు పోతే "ఆధార్‌లో నీకు 52 ఏళ్ళే" అంటారు. పనికి పోతే "నువ్వు ముసల్దానివి" అంటారు. ఒకే మనిషి పింఛనుకు చిన్నది, పనికి ముసలిది ఎట్లా అయింది?

మన దగ్గర వయసు లెక్క గట్టడానికి ఒక పెద్ద గుర్తు ఉంది. 1986 ఆగస్టులో గోదారి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. ఆ పెద్ద వరద గుర్తులేని ముసలివాళ్ళు ఈ ఏటి ఒడ్డు ఊళ్ళల్లో లేరు. ఒక అవ్వ "పెద్ద వరదకు నాకు ఇద్దరు పిల్లలు, చిన్నోణ్ణి నడుముకు కట్టుకొని గట్టెక్కినం" అని చెప్తే, ఆమెకు అప్పటికి తక్కువలో తక్కువ 20 ఏళ్ళన్నా ఉండాలి. ఈ 2025కి 59 అవుతాయి. ఆధార్‌లో 52 అని ఉంటే, వరదనాటికి ఆమెకు 13 ఏళ్ళు అన్నట్టు. 13 ఏళ్ళకు ఇద్దరు పిల్లలా? ఇట్లా లెక్క కట్టి, పెద్ద కొడుకు స్కూలు కాగితం, పాత ఓటరు కార్డు, ఏది దొరికితే అది జమ చేసి పెట్టుకోవాలి. ఒక జాగ్రత్త ఏందంటే, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారు. దళారి మాట విని తొందరపడి తప్పు ఏడు వేయించుకోవద్దు. వీఓఏకు, పంచాయతీ కార్యదర్శికి చూపించుకొని, కాగితాలు సరిగ్గా ఉన్నాయనుకున్నాకే పోవాలి. ఉపాధి పనికి మాత్రం ఈ గొడవేమీ అక్కర్లేదు, 18 నిండితే చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి జాబ్ కార్డు. కొన్నేళ్ళుగా చాలాచోట్ల కార్డుల నుంచి పేర్లు తీసేశారు. తీసేసినప్పుడు ఒక కారణం రాయాలి. "పని చెయ్యడానికి ఇష్టం లేదు" అనేది అట్లాంటి ఒక కారణం. పనికి వస్తానని మస్టర్ చుట్టూ తిరిగిన మనిషిని గ్రూపులో కలుపుకోకుండా, పనికి రాలేదు కాబట్టి ఇష్టం లేదు అని రాస్తే, అది అబద్ధం రాయడమే. పేరు తీసే ముందు ఆ ఇంటివాళ్ళను అడగాలి, గ్రామసభ ముందు పెట్టాలి. కాబట్టి అవ్వల పేర్లు కార్డులో ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి.

వంద రోజులు మనిషికి కాదు, ఇంటికి అని కూడా గుర్తుపెట్టుకోండి. కొడుకు, కోడలు, అత్త ఒకటే కార్డులో ఉంటే ముగ్గురికీ కలిపి వంద. కొందరు ఇళ్ళల్లో "అత్త పోతే మన రోజులు తరుగుతాయి" అనుకుంటారు. మీ కార్డు తీసి చూడండి, పోయిన ఏడాది ఎన్ని రోజులు వాడారు? చాలా ఇళ్ళకు వంద నిండనే లేదు. మిగిలిన రోజులు మార్చి 31తో మురిగిపోతాయి. అవి అత్తమ్మ చేస్తే ఇంట్లోకే వస్తాయి కదా. అటవీ హక్కు పట్టా ఉండి, అది తప్ప వేరే భూమి లేని ఎస్టీ కుటుంబాలకు ఇంకో 50 రోజులు, మొత్తం 150 రోజులు ఉన్నాయి. ఒంటరిగా వేరే పొయ్యి పెట్టుకొని ఉండే ముసలమ్మ అయితే ఆమెది వేరే ఇల్లే, వేరే కార్డు అడగాలి.

ఇప్పుడు మనం ఏం చెయ్యాలో చెప్పి ముగిస్తా. ఈ సమావేశం తీర్మానంలో రాయమని సమాఖ్యను అడుగుతున్నా.

మొదటిది. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల సమావేశంలో 60 దాటిన ఆడవాళ్ళ పేర్లు రాయాలి. సంఘంలో ఉన్నవాళ్ళే కాదు, వయసు నిండి తప్పుకున్నవాళ్ళవి కూడా రాయాలి. ఎవరికి కార్డు ఉంది, ఎవరిది తీసేశారు, ఎవరు పని కావాలంటున్నారు, మూడూ రాయాలి.

రెండోది. పని కావాలంటే నోటితో అడిగి రావొద్దు. కాగితం మీద రాసి పంచాయతీలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. రాయడం రాని అవ్వలకు వీఓఏ గాని, చదువుకున్న కోడలు గాని రాసి పెట్టాలి. రసీదు తీసుకున్న 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, అంటే రోజుకు సుమారు 77 రూపాయలు, ఆ తర్వాత సగం. రసీదు లేకపోతే ఇవేవీ అడగలేం. "వయసైపోయింది" అనే మాట నోటితో చెప్పడం సులువు. అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టండి అంటే ఎవరూ పెట్టరు, ఎందుకంటే అట్లాంటి రూలు లేదు.

మూడోది. వృద్ధులకు వేరే గ్రూపు కట్టి తేలిక పనులు ఇవ్వాలని, వాళ్ళకు వేరే రేటు పెట్టాలని మండల సమాఖ్య తరఫున ఎంపీడీఓ గారికి, కలెక్టరు గారికి అర్జీ పెట్టాలి. అది అమలయ్యేదాకా నర్సరీ పని, మొక్కలకు నీళ్ళు పోసే పని, తాగునీళ్ళ పని, పిల్లల్ని చూసుకునే పని ముందు అవ్వలకే ఇవ్వాలని గ్రామసభలో తీర్మానం చేయించాలి.

నాలుగోది. సామాజిక తనిఖీ బృందం ఊరికొచ్చినప్పుడు అవ్వల్ని వాళ్ళ ముందు కూర్చోబెట్టాలి. పనికి పోయినవాళ్ళ కూలి లెక్కలు వాళ్ళు ఎట్లాగూ అడుగుతారు. పని అడిగి దొరకనివాళ్ళ సంగతి మనమే చెప్పాలి. మండలంలో ప్రజావేదిక పెట్టిననాడు అక్కడ కూడా చెప్పాలి.

ఐదోది. గ్రూపుల్లో ఉన్న చెల్లెళ్ళకు నా విన్నపం. వేరే రేటు వచ్చేదాకా కొలత గురించి మీ బాధ మీకు ఉంటుంది, ఆ బాధను అధికారుల ముందు గట్టిగా చెప్పండి, మేమూ మీతో వస్తాం. అవ్వను పక్కన పెడితే మాత్రం ఆ సమస్య తీరదు. ఈ రోజు 65 ఏళ్ళ మనిషిని తీసేసిన గ్రూపు రేపు 55 ఏళ్ళ మనిషిని తీసేస్తుంది. మోకాళ్ళు మనకూ అరుగుతాయి.

మన సంఘాలు మొదలైన రోజుల్లో రూపాయి రూపాయి పోగేసి, మొగోళ్ళతో మాటలు పడి, బ్యాంకు మెట్లెక్కి మనకు దారి వేసింది ఈ పెద్దమ్మలే. వాళ్ళు ఇప్పుడు మనల్ని దానం అడగట్లేదు. పని అడుగుతున్నారు, అదీ చట్టం ఇచ్చిన పని. మస్టర్‌లో వాళ్ళ పేరు రాయించే బాధ్యత మనది.

 తీర్మానం పుస్తకం ఇక్కడే ఉంది, పోయే ముందు ప్రతి గ్రామ సంఘం తరఫున ఒకరు సంతకం పెట్టి పోండి. వేలిముద్ర అయినా పర్వాలేదు.